పొలం అప్పగింత

మార్చి 9

యుద్ధం అయిపోయి ఇవాళ్టికి తొంభై ఆరు రోజులు. ఆ సంగతి మా ఇద్దరికీ తప్ప అందరికీ తెలిసినట్టుంది. పటాలంలో మిగిలినవాళ్ళంతా ఓడలెక్కి ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఈ పరాయి దేశంలో నేనూ కండక్టరూ మిగిలాం.

వాడు పటాలంలో చేరకముందు బస్సు కండక్టరు. నేను తాపీమేస్త్రీని. ఈ పొలంలో పోయిన ఏడాది మందుపాతరలు పాతిన ఆరుగురిలో బతికి బట్టకట్టింది మేమిద్దరమే. ఎక్కడెక్కడ పాతామో గీసుకున్న పటం జీపుతో పాటు తగలబడిపోయింది. కాబట్టి ఇప్పుడు పటం మేమే.

"పెట్టినవాళ్ళే తియ్యాలి మేస్త్రీ. ఇంకెవర్ని పంపినా చస్తారు," అన్నారు కెప్టెన్ గారు.

"తీసేశాక మా సంగతి సార్?"

"అన్నీ తీశామని నువ్వు సంతకం పెట్టు. ఆ రోజే మీ పేర్లు ఓడ జాబితాలో చేరతాయి."

మొత్తం రెండు వందల పద్నాలుగు. నేనే లెక్కపెట్టి దించాను. ఇవాళ్టికి తీసినవి డెబ్బై తొమ్మిది.

మార్చి 11

ఇవి చెక్క డబ్బాలు. డిటెక్టర్‌కి దొరకవు. బోర్లా పడుకుని, ఇనపచువ్వని ఏటవాలుగా, నాలుగు వేళ్ళకొకసారి నేలలోకి దించాలి. నిటారుగా గుచ్చితే అంతే సంగతులు. రాయి తగిలితే చేతికి ఒకలా తెలుస్తుంది, చెక్క తగిలితే ఒకలా. గోడలో ఏ ఇటుక కదిలిందో చేత్తో తట్టి చెప్పేవాణ్ణి. ఆ చెయ్యే ఇక్కడా అన్నం పెడుతోంది. చెక్క తగిలాక చుట్టూ మట్టి వేళ్ళతో తోడి, మూత ఎత్తి, లోపలున్న పెన్సిలంత గొట్టాన్ని బయటికి లాగేస్తే ఇక అది ఉత్త డబ్బా.

పొలం ఒకావిడది. యాభై దాటి ఉంటాయి. మొగుడు లేడు. ఒక కుంటి గుర్రం, ఆవిడ, అంతే. మేము ఆవిడ కొట్టంలోనే ఉంటున్నాం. కండక్టర్ ఆవిడకి 'ఆసామి' అని పేరు పెట్టాడు. ఆసామికి మా భాషలో రెండే మాటలొచ్చు. ఒకటి 'తిను'. రెండోది 'ఎప్పుడు'. కెప్టెన్ గారిని వచ్చినప్పుడల్లా మేము అడుగుతుంటే విని పట్టేసింది. పొద్దున్నే గట్టు మీద నిలబడి, పొలం వైపు చెయ్యి చూపించి, "ఎప్పుడు?" అంటుంది.

"ఈవిడ పేరు కూడా జాబితాలో రాయించాలి పాపం," అన్నాడు కండక్టర్.

మార్చి 15

తన దగ్గర్నుంచి ఉత్తరం.

పెళ్ళినాటికి తనకి చదువు రాదు. నేను ఇటు వచ్చేశాక, నాకు రాయడం కోసం, మరదలి దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకుంది. మొట్టమొదటి ఉత్తరంలో నా పేరొక్కటే ఉంది, అయిదుసార్లు. ఇప్పుడు పేజీ నిండా రాస్తుంది. "దగ్గు తగ్గింది. పిల్ల మీ ఫోటోకి అన్నం పెడుతోంది. తినకపోతే తిడుతోంది. మీరొచ్చాక ఆ తిట్లన్నీ మీకే."

పిల్ల నేను వచ్చేసిన అయిదో నెలలో పుట్టింది. నాలుగేళ్ళు నిండాయి. ఇంతవరకూ చూడలేదు.

దగ్గు తగ్గిందని పోయిన ఉత్తరంలోనూ రాసింది. అంతకు ముందు దాంట్లోనూ రాసింది. అంటే తగ్గుతూనే ఉందన్నమాట. మంచిదే.

మార్చి 18

పదమూడు తీశాం.

మార్చి 24

ఉత్తరం వచ్చింది. దస్తూరి మరదలిది. "బావా, అక్క కుడిచేతి మీద వేణ్ణీళ్ళు ఒలికి కాలింది. అందుకని నేను రాస్తున్నాను. కంగారేం లేదు. పిల్ల బాగుంది. వీలైనంత తొందరగా వచ్చెయ్. కంగారేం లేదు."

కాలినచోట తేనె రాయమని జవాబు రాశాను.

తను రాసేది ఎడం చేత్తో. మరదలు చిన్నపిల్ల. ఏ చెయ్యో సరిగ్గా చూసి ఉండదు.

మార్చి 30

రెండు వందల రెండు. కండక్టర్ టిక్కెట్టు చింపినట్టు నోటితో చప్పుడు చేస్తాడు, ఒక్కొక్కటి తీసినప్పుడల్లా. "ఇంకా పన్నెండు స్టాపులు మేస్త్రీ."

ఏప్రిల్ 6

రెండు వందల పదకొండు. మిగిలిన మూడూ పల్లపు వైపు, వాగు ఒడ్డున. మేము పాతినప్పుడు అక్కడ గట్టినేల. తరవాత వాగు పొంగి మోకాలి లోతు ఒండ్రు వేసిపోయింది. నేను పెట్టిన వరస ఎక్కడికి జరిగిందో తెలియడం లేదు.

ఏప్రిల్ 10

లేవు.

ఏప్రిల్ 12

లేవు. చువ్వ ఎక్కడ దించినా మెత్తగా దిగిపోతోంది. పెరుగులో వేలు పెట్టినట్టుంది.

ఏప్రిల్ 14

కెప్టెన్ గారు వచ్చారు. ఇరవయ్యో తేదీన ఓడ. దాని తరవాత ఎప్పుడని అడిగితే గడ్డం గోక్కున్నారు. "జూలైలో ఉండొచ్చు. ఉంటుందని నేను చెప్పను."

"ఎంతవరకొచ్చింది మేస్త్రీ?"

"అయిపోవచ్చింది సార్."

ఆయన వెళ్ళాక కండక్టర్ నా పక్కన కూలబడ్డాడు.

"మూడే కదా," అన్నాడు.

"మూడే."

"వాగులోకి కొట్టుకుపోయి ఉంటాయి."

"ఉండొచ్చు."

"చెక్క కదా. ఇంత నీళ్ళలో నాని కుళ్ళిపోయి ఉంటాయి. గొట్టం తుప్పు పట్టేసి ఉంటుంది."

వాడు నా మొహంలోకి చూడకుండా చెప్పుకుంటూ పోయాడు. ఆ చెప్పేది నాకు కాదు.

ఏప్రిల్ 15

మరదలి ఉత్తరం. "బావా, ఆసుపత్రి వాళ్ళు అక్కని ఇంటికి పంపేశారు. ఇంట్లోనే బాగా చూసుకోమన్నారు. అక్క నిన్నే అడుగుతోంది. ఏ ఓడకి వస్తున్నావో రాయి."

ఆసుపత్రిలో ఎప్పుడు చేర్చారో రాయలేదు. సరే, ఇంటికి పంపేశారు కదా. నయమైతేనే కదా పంపుతారు.

ఇరవయ్యో తేదీ ఓడ పద్దెనిమిది రోజులు పడుతుంది. మే ఎనిమిదికి ఇంట్లో ఉంటాను.

ఏప్రిల్ 16

అప్పగింత కాగితం మీద సంతకం పెట్టాను. 'పాతినవి 214. తీసినవి 214. పొలం సాగుకి యోగ్యం.' నా చేతిరాత ఇంత గుండ్రంగా ఎప్పుడూ లేదు.

కుళ్ళిపోయి ఉంటాయి.

ఏప్రిల్ 17

బయల్దేరుతుంటే ఆసామి అలవాటు ప్రకారం గట్టు మీదికి వచ్చి "ఎప్పుడు?" అంది. నేను వంగి బూటు తాళ్ళు కట్టుకున్నాను. కండక్టర్ చెప్పాడు, పొలం వైపు చెయ్యి చాచి, "ఇవాళే," అని. ఆ మాట ఆవిడకి తెలియదు. కానీ అర్థమైంది. మా ఇద్దరి చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఉడకబెట్టిన గుడ్లు మూటకట్టి లారీలో పెట్టింది. "తిను," అంది.

నాకు ఆకలి లేకపోయింది. కండక్టర్ కూడా తినలేదు. రేవు చేరాక ఎవరికో ఇచ్చేశాం.

ఏప్రిల్ 19

రేవు పక్కన గోదాములో మూడు వందల మందిమి. మంచానికి మంచానికి మధ్య కాలు పెట్టే చోటు లేదు. జాబితా గోడకి అంటించారు. నా పేరు నలభై ఏడోది. మూడుసార్లు వెళ్ళి చూసుకున్నాను.

ఏప్రిల్ 20

ఓడ రాలేదు. ఏదో మరమ్మతట.

ఏప్రిల్ 21

రాలేదు. ఒండ్రులో అంత లోతున ఉంటే పైన నడిచినా ఏమీ కాదు. అరగజం మట్టి ఉంది.

ఏప్రిల్ 22

నాగలి ఎంత లోతు దిగుతుందో కండక్టర్‌ని అడిగాను. వాడికి తెలియదట. బస్సులో తిరిగినవాడికి నాగలి సంగతి ఏం తెలుస్తుంది. నాకు తెలుసు. మా నాన్న పొలం దున్నేవాడు.

ఏప్రిల్ 23

ఇంటికి వెళ్ళగానే ముందు తనని పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. వంటింట్లో పొగ పోవడానికి పైన కిటికీ పెట్టాలి. దగ్గు ఆ పొగ వల్లే. ఒక్కరోజు పని.

ఏప్రిల్ 24

ఓడ వచ్చింది. ఎల్లుండి ఎక్కిస్తారు.

మధ్యాహ్నం లారీడ్రైవర్ కనిపించాడు, మమ్మల్ని దింపినవాడే. టీ తాగుతూ మాటల్లో చెప్పాడు. "మీ ఆసామి మహా హుషారుగా ఉందయ్యా. మీరు ఇటు తిరగ్గానే గుర్రానికి నాగలి కట్టింది. మిట్ట నుంచి మొదలెట్టింది. కుంటి గుర్రంతో కూడా సగం పైనే లాగేసింది."

"పల్లానికి ఎప్పుడొస్తుంది?" అన్నాను.

"రేపో ఎల్లుండో వచ్చేస్తుంది. ఏం?"

ఏం లేదన్నాను. టీ చల్లారిపోయింది.

ఏప్రిల్ 26, పొద్దున్న, కొట్టంలో

జరిగింది జరిగినట్టు రాయాలి.

నిన్న తెల్లారగానే కండక్టర్ని గోదాము బయటికి పిలిచాను. నేను వెనక్కి వెళుతున్నానని చెప్పాను. వాడు ఓడ వైపు చూశాడు.

"నేను రాను మేస్త్రీ. నావల్ల కాదు. తిట్టుకుంటే తిట్టుకో."

"నిన్ను రమ్మనలేదు. మా ఇంటికి వెళ్ళు. తనకి చెప్పు."

"ఏమని చెప్పను?"

"ఏదో ఒకటి. వస్తున్నానని చెప్పు."

"నీ భార్య ఏ స్థితిలో ఉందో నీకు తెలీదా? నిజంగా తెలీదా?"

తెలుసన్నాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు.

కెప్టెన్ గారికి ఒక చీటీ రాసి వాడి చేతికిచ్చాను. 'తీసినవి 211. నేను అబద్ధం రాశాను.' జాబితా గుమాస్తా నలభై ఏడో పేరు మీద గీత పెట్టాడు. గీత పెట్టడానికి స్కేలు వాడాడు.

లారీడ్రైవర్ మధ్యాహ్నానికి నన్ను వాగు పక్క బాట మీద దింపి, లారీ అక్కడే ఆపుకున్నాడు. పొలం ముప్పాతిక దున్నేసి ఉంది. ఆసామి దున్నిన అంచున గుర్రాన్ని ఆపి ఊపిరి తీసుకుంటోంది. నన్ను చూసింది. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసి, పగ్గాలు వదిలేసి, నవ్వుకుంటూ నాకు ఎదురు రావడం మొదలెట్టింది. చుట్టూ తిరిగి గట్టు మీంచి కాదు. అడ్డంగా, దగ్గరిదారిన, పల్లంలోంచి.

"ఆగు," అని అరిచాను.

ఆవిడ చెయ్యి ఊపింది. "తిను, తిను," అంది అక్కడినుంచే.

రెండు నెలలు ఆవిడ కొట్టంలో ఉన్నాం. ఆవిడ పెట్టింది తిన్నాం. 'ఆగు' అన్న ఒక్క మాట నేర్పలేదు.

అరిచే కొద్దీ ఇంకా తొందరగా వస్తోంది. అప్పుడు నేను బాట అంచున బోర్లా పడిపోయాను. నడుముకున్న చువ్వ లాగి నేలలోకి దించాను. తలెత్తి చూస్తే ఆవిడ నవ్వు ఆగిపోయి ఉంది. అలా పడుకున్న మనుషుల్ని ఆవిడ రోజూ చూసింది. ముందుకి వేసిన కాలు గాలిలోనే ఉంది. దాన్ని మెల్లగా వెనక్కి తీసుకుని పాత అడుగులోనే పెట్టింది.

వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్ళిపొమ్మని సైగలు చేశాను. ఆవిడకి కాళ్ళు రాలేదు. అలాగే నిలబడిపోయింది. ఇక నేనే వెళ్ళాలి. మా మధ్య నలభై అడుగులుంటాయేమో. నాలుగు వేళ్ళకొకసారి చువ్వ దించుకుంటూ వెళితే మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ ఆవిడ కూర్చోలేదు, ఏడవలేదు.

ఆవిడ పాదాలకి రెండున్నర అడుగుల ముందు, జానెడు లోతులోనే, చెక్క తగిలింది.

కుళ్ళలేదు. గొట్టం తళతళలాడుతోంది. దాన్ని బయటికి లాగి ఆవిడకి చూపించాను. ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది, నా చెంప మీద ఒక్కటి కొట్టింది. మా అమ్మ కూడా నన్ను అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు. ఆ తరవాత అక్కడే, నా పక్కన, మట్టిలో కూలబడింది.

ఇవాళ పొద్దున్న గట్టు మీదికి రాలేదు. ఎప్పుడు అని అడగలేదు.

ఏప్రిల్ 29

కెప్టెన్ గారు జీపులో వచ్చారు. దిగకుండానే మాట్లాడారు.

"నిన్ను కోర్టులో నిలబెట్టాలి. నిలబెడితే ఈ పొలంలో ఎవడు పడుకుంటాడు? ముందు ఆ రెండూ తియ్."

"తీస్తాను సార్. ఓడ?"

"ఎప్పుడో వెళ్ళిపోయింది. ఎక్కే ముందు మీ కండక్టర్ నీ సంగతి అడిగాడు. ఇక్కడ జరిగిందంతా అప్పటికే లారీడ్రైవర్ చెప్పాడు నాకు, వాడికి చెప్పాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు వెధవ."

మే 8

ఒకటి దొరికింది. ఆ ఓడ అనుకున్న రోజుకి బయల్దేరి ఉంటే ఇవాళ ఇంట్లో ఉండేవాణ్ణి.

మే 9

తను ఇప్పుడు లేచి తిరుగుతూ ఉండొచ్చు. ఎండాకాలంలో దగ్గు తగ్గుతుంది.

మే 10

ఎందుకు వచ్చాను. ఎవరీవిడ. నాకేమవుతుందని వచ్చాను. దేశం కాని దేశంలో, భాష తెలియని మనిషి కోసం, నా ఇల్లు నేనే

మే 11

నిన్నటిది కొట్టెయ్యను. అలాగే ఉండనీ.

మే 27

మూడోది దొరికింది. వాగు గట్టున చెట్టువేరు కింద, నేను పాతిన చోటికి ఇరవై అడుగుల దూరాన. మూత ఊడిపోయి ఉంది. గొట్టం మాత్రం బాగానే ఉంది.

ఆసామిని పిలిచాను. పొలమంతా, ఈ చివర నుంచి ఆ చివరికి, ఆవిడ ముందు నేను నడిచి చూపించాను. ఒక్కొక్క సాలూ నడిచాను. ఆవిడ గట్టు మీద నిలబడి చూసింది. అయిపోయాక గుర్రాన్ని తెచ్చి పగ్గాలు నా చేతికిచ్చింది. పల్లపు భాగం నేనే దున్నాను. సాయంత్రానికి అయిపోయింది. అప్పుడు అంది, "తిను" అని. తిన్నాను.

జూన్ 19

రేవు గోదాములో ఉన్నాను. కోర్టు మాట మళ్ళీ ఎత్తకుండా కెప్టెన్ గారు నా పేరు జూలై ఓడకి రాయించారు. కండక్టర్ ఉత్తరం వచ్చింది.

"మేస్త్రీ, మే పదిహేనున ఓడ దిగి నేరుగా మీ ఇంటికి వెళ్ళాను. నేను వెళ్ళేసరికే ఆవిడ పోయి తొమ్మిది రోజులైంది. బాధ పడలేదట. నిద్రలోనే పోయిందట. నువ్వు నాతో వచ్చినా అందేవాడివి కాదు. ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకో. పిల్ల బాగుంది. మీ మరదలు దగ్గరే ఉంది."

మరదలు కూడా ఒక ముక్క రాసింది. తేదీ వెయ్యలేదు. "అక్క పోయింది బావా. నువ్వు వచ్చెయ్."

జూన్ 20

అందేవాణ్ణి కాదు.

జూన్ 21

వాడితో వచ్చినా అందేవాణ్ణి కాదు. కండక్టర్ లెక్క తప్పడు. ఏడేళ్ళు బస్సు మీద పని చేశాడు, ఒక్కసారీ మాట పడలేదు.

జూన్ 30

అందేవాణ్ణి కాదు.

జూలై 14

ఓడ ఎక్కాం. అందరూ పాడుతున్నారు. నేనూ పెదవులు కదిపాను.

ఆగస్టు 2

ఇంట్లో.

తలుపు పిల్ల తీసింది. గుమ్మంలో నిలబడి నన్ను కింది నుంచి పై దాకా చూసింది. భయపడలేదు.

"ఆవిడ ఆగిందట కదా?" అంది.

నాకు అర్థం కాలేదు. "ఎవరమ్మా?"

"గుర్రం ఆవిడ. నువ్వు నేల మీద పడుకుంటే ఆగిపోయిందట కదా. కండక్టర్ మామయ్య చెప్పాడు."

"నీకు చెప్పాడా?"

"నాకు కాదు. అమ్మకి. అమ్మ మంచం మీద, మామయ్య పీట మీద. అమ్మ రోజూ చెప్పించుకునేది. ఆవిడ ఆగిందా, ఆగిందా అని అడిగేది. ఆగిందమ్మా అనేవాడు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మరదలు వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"పదకొండు రోజులు బావా. ఆయన రోజూ వచ్చేవాడు. నీకు నిజం రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

పదకొండు రోజులు.

"తను ఏమంది?"

"ఏమంటుంది. విని నవ్వేది. 'నాకు తెలుసే, ఆయన పని సగంలో వదిలే మనిషి కాదు' అనేది. ఆ మాటే పట్టుకుంది చివరిదాకా."

నేను సంతకం పెట్టిన సంగతి కండక్టర్ తనకి చెప్పలేదన్నమాట. మరదలికీ తెలియదు. నేను కూర్చున్నాను. పిల్ల నా మోకాలి దగ్గరికొచ్చి, చొక్కా బొత్తం తిప్పుతూ, కథ మళ్ళీ చెప్పమంది. కండక్టర్ మామయ్య మధ్యలో మర్చిపోతాడట. చెప్పాను. ఏదీ దాచకుండా, మూడూ వదిలేసి వెళ్ళిపోయానని కూడా చెప్పాను. మరదలు లోపలికి వెళ్ళిపోయింది.

"ఎందుకు వదిలేశావు?" అంది పిల్ల.

"అమ్మని చూద్దామని."

పిల్ల ఆలోచించింది.

"మరి చూడలేదుగా."

ఆగస్టు 3

ఇవాళ కూడా ఆ కథే అడిగింది.